టానిక్ నిజంగా పని చేస్తోందా? ఐదు సెంట్ల బీన్స్ మడిలో మీరే తేల్చుకోండి

దసరా దాటితే చాలు, నాకు ఒకటే ప్రశ్న. ఒడిశాలో మా కొరాపుట్ జిల్లా సెమిలిగుడ నుంచి అడుగుతారు, పొట్టంగి నుంచి అడుగుతారు, ఘాట్ దిగాక సాలూరు వైపు నుంచి కూడా అడుగుతారు. "ఏమండీ, ఈ సీవీడ్ (సముద్రపు నాచు) టానిక్ బీన్స్‌కి కొట్టమంటారా? డబ్బు దండగా?"

నాకేం తెలుసు? మీ నేల వేరు, నా నేల వేరు. మీ చేలోనే పరీక్ష చేసి చూసుకోండి అంటే, "చూశామండీ. సగం చేనుకి కొట్టాం, సగం వదిలేశాం. కొట్టిన సగం బాగుంది" అంటారు. చిక్కంతా ఆ సగం చేను దగ్గరే ఉంది.

నేనూ అలాగే మోసపోయాను. మా చేను ఏటవాలుగా ఉంటుంది. నీళ్ళ తొట్టి కిందివైపు ఉంది కాబట్టి మోయలేక కింది సగానికి టానిక్ కొట్టాను. కాపు బ్రహ్మాండం. రెండేళ్ళు అదే సీసా కొన్నాను, నలుగురికీ చెప్పి కొనిపించాను కూడా. మూడో ఏడు ఇంట్లో పెళ్ళి హడావిడిలో మందు తేవడమే కుదరలేదు. అయినా కింది సగమే ఎక్కువ కాసింది! అప్పుడు పార పట్టుకుని తవ్వి చూస్తే, పైన జానెడు లోతుకే ఎర్ర గరప తగిలింది, కింద మూరెడు నల్లటి మట్టి. ఏటా వానకి పై మడిలోని పెంట కొట్టుకొచ్చి కింద చేరుతోంది. అంటే టానిక్ మహిమ అనుకుని నేను మురిసింది మా పశువుల ఎరువుని చూసి.

అందుకని ఇప్పుడు నేను చెప్పే పద్ధతిలో ఒక పట్టింపు ఉంది. మందు మడి ఒకటుంటే, నీళ్ళు కొట్టే మళ్ళు రెండుండాలి. ఆ రెండింటికీ తేడా ఏమీ లేదు, రెండూ ఉత్త నీళ్ళే. అయినా కోతలో వాటి మధ్య తేడా వస్తుంది, తప్పకుండా వస్తుంది. ఆ తేడా మీ నేల దానంతట అది చూపించేది. మందు దాన్ని దాటి చూపిస్తేనే మందు లెక్క.

ఏది టానిక్, ఏది కాదు

మనం టానిక్ అనేదాని అసలు పేరు బయోస్టిమ్యులెంట్. అది ఎరువు కాదు, పురుగుమందూ కాదు. మొక్క పోషకాలని బాగా తీసుకోవడానికి, ఎండకీ చలికీ తట్టుకోవడానికి తోడ్పడేది. సముద్రపు నాచు రసం, హ్యూమిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాలు, ఇవన్నీ ఆ గుంపులోవే. కేంద్రం 2021 ఫిబ్రవరిలో వీటిని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. అప్పటిదాకా ఎవరికి తోచింది వాళ్ళు సీసాలో పోసి అమ్మారు. ఒకప్పుడు దాదాపు 30 వేల రకాలు ఏ తనిఖీ లేకుండా అమ్ముడుపోయాయనీ, కట్టుదిట్టం చేశాక సుమారు 650 మిగిలాయనీ 2025 జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహానే చెప్పారు.

కాబట్టి కొనేముందు లేబుల్ చదవండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రస్తావన ఉందా, లోపల ఏముందో శాతాలతో రాశారా, ఏ పంటకి అని రాశారా, తయారీ తేదీ ఉందా? "పురుగు కూడా చస్తుంది" అని షాపతను చెబితే ఆ సీసా అక్కడే పెట్టేసి రండి. ఈ మందుల్లో పురుగుమందు 0.01 పీపీఎంకి (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) మించి ఉండకూడదని నిబంధన. పురుగు చచ్చిందంటే అందులో కలవకూడనిది ఏదో కలిసిందని అర్థం.

కావలసినవి

- ఐదు సెంట్ల నేల. ఇక్కడి ఒడియా పట్టాలో డిసిమిల్ అని ఉంటుంది, మన సెంటూ అదీ ఒకటే.
- పొద బీన్స్ విత్తనం రెండు కిలోలు. అర్క కోమల్, అర్క సువిధ, కంటెండర్, ఏదైనా సరే, రకం మాత్రం ఒక్కటే, ప్యాకెట్టు లాటు కూడా ఒక్కటే ఉండాలి. తీగ రకం వద్దు. పందిరి తేడాలు కూడా లెక్కలోకి వచ్చి పడతాయి.
- పరీక్షించే టానిక్, ఒకే ఒకటి.
- రెండు లీటర్ల చేతి స్ప్రేయర్లు రెండు. ఒకటి నీళ్ళకి, ఒకటి మందుకి. కొత్తవే కొనండి. వరిలో కలుపుకి 2,4-డి కొట్టిన స్ప్రేయర్‌ని ఎన్నిసార్లు కడిగినా నమ్మకండి. అడుగున మిగిలిన కాస్తకే బీన్స్ ఆకు ముడుచుకుపోతుంది.
- సూది లేని 5 మి.లీ. సిరంజి, 500 మి.లీ. కొలపాత్ర.
- వంటింటి డిజిటల్ కాటా. 5 గ్రాముల తేడా చూపిస్తే చాలు.
- వెదురు మేకులు 72, పురికోస, టేపు.
- రెండు మీటర్ల పాలిథిన్ షీటు, రెండు కర్రలు.
- గళ్ళ నోటుబుక్కు, పెన్సిల్. పెన్ను వద్దు, మంచుకి తడిసి రాత చెరిగిపోతుంది.

చేసే విధానం

1. ప్రశ్న ఒక్కటే పెట్టుకోండి. "ఈ టానిక్, లేబుల్ మీద రాసిన మోతాదులో, నా చేలో బీన్స్ దిగుబడి పెంచుతుందా?" అంతే. రెండు టానిక్కులు, మూడు మోతాదులు అని మొదలుపెడితే మళ్ళ లెక్క ముప్ఫై దాటుతుంది, మూడో కోతకి మీరే విసిగిపోతారు.

2. నేల చూడండి. గట్టు నీడ పడే చోటు, పెంటకుప్ప ఉండిన చోటు, బోరు నీళ్ళు కారే చోటు వదిలేయండి. కొరాపుట్ ఎర్ర నేలలు చాలావరకు ఆమ్లం ఎక్కువున్నవి. పీహెచ్ 5.5 కంటే తక్కువ ఉంటే ముందు సున్నం పనే చూడండి. ఆ నేలలో ఏ టానిక్కు కొట్టినా వేరు పనిచేయదు, మీరు మందుని అన్యాయంగా తిట్టుకుంటారు. మట్టి పరీక్షకి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళండి. కొరాపుట్ వాళ్ళకి సెమిలిగుడలో, రాయగడ వాళ్ళకి గుణుపురంలో, గజపతి వాళ్ళకి ఆర్. ఉదయగిరిలో ఉన్నాయి.

ఎరువులు మాత్రం అన్ని మళ్ళకీ ఒకేలా, తూకం వేసి వేయండి. బీన్స్ పప్పుజాతి కదా, నత్రజని అదే తెచ్చుకుంటుంది అనుకుని యూరియా మానేస్తారు కొందరు. మిగతా పప్పుజాతి పంటల్లాగా దీని వేరుకి బుడిపెలు బాగా కట్టవు. నత్రజని మనమే ఇవ్వాలి.

3. మళ్ళు కొట్టండి. ఒక్కో మడి 2.7 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు. అందులో 45 సెంటీమీటర్ల దూరంలో ఆరు సాళ్ళు. మూడు మళ్ళు పక్కపక్కన పెడితే ఒక బ్లాకు. అలాంటివి ఆరు బ్లాకులు, మొత్తం 18 మళ్ళు. మడికీ మడికీ మధ్య 60 సెంటీమీటర్ల దారి వదలండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పని మొత్తంలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బ్లాకు వాలుకి అడ్డంగా ఉండాలి. అంటే ఒక బ్లాకులోని మూడు మళ్ళూ ఒకే ఎత్తులో ఉండాలి. మొదటి బ్లాకు పైన, ఆరోది అట్టడుగున. అప్పుడు కింది బ్లాకులో మట్టి మంచిదైనా ఇబ్బంది లేదు, అందులో మందు మడికీ నీళ్ళ మళ్ళకీ అదే మట్టి. బ్లాకుని వాలు వెంబడి నిలువుగా పెట్టారో, నా మొదటి కథే మళ్ళీ మీకూ. ఎటు వాలో కంటికి తెలియకపోతే ఒక బిందె నీళ్ళు పోసి ఎటు పారుతుందో చూడండి.

4. చీటీలు తీయండి. మూడు చీటీల మీద "నీళ్ళు 1", "నీళ్ళు 2", "మందు" అని రాసి, మడిచి, ప్రతి బ్లాకుకీ విడిగా తీయండి. ఎడమ చేతి మడి నుంచి మొదలుపెట్టి వచ్చింది వచ్చినట్టు రాసుకోండి. వరుసగా మూడు బ్లాకుల్లో మందు ఎడమవైపే వచ్చినా మార్చకండి. "ఇది సరిగ్గా లేదు, మళ్ళీ తీద్దాం" అన్నారంటే అది చీటీ కాదు, మీ ఇష్టం.

5. విత్తండి. కొరాపుట్ పీఠభూమి మీద అక్టోబరు రెండో పక్షం మంచిది. అంతకంటే ముందు వేస్తే తుపాను భయం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. మహారాష్ట్ర వైపు సిరొంచ, బల్లార్షా ప్రాంతాల్లో ఉన్న మనవాళ్ళు నవంబరు దాకా ఆగండి. పూత సమయంలో ఎండ 30 డిగ్రీలు దాటితే బీన్స్ పూత రాలిపోతుంది.

సాలులో 15 సెంటీమీటర్లకి ఒక గుంట, గుంటకి రెండు గింజలు, లోతు మూడు నాలుగు సెంటీమీటర్లు. పదో రోజున గుంటకి ఒక మొక్క ఉంచి రెండోది కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. మడికి 120 మొక్కలు తేలాలి. ఎక్కడైనా గుంట ఖాళీ పడితే నోటుబుక్కులో రాయండి.

గింజల్ని రాత్రంతా నానబెట్టే అలవాటుంటే మానుకోండి. బీన్స్ గింజ ఒక్కసారిగా నీళ్ళు పీల్చుకుంటే పొట్టు పగిలి, పప్పు చీలి, భూమిలో కుళ్ళిపోతుంది. మీ టానిక్ విత్తనశుద్ధికి వాడేదైతే గింజ మీద కాస్త చిలకరించి, కలిపి, నీడలో ఆరబెట్టి వెంటనే వేయండి. నీళ్ళ మళ్ళ గింజలకి అంతే నీళ్ళు చిలకరించండి.

6. పేర్లు దాచండి. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఇది మందు మడి అని తెలిస్తే చెయ్యి ఇంకో రెండు కాయలు వెతుకుతుంది, మన ప్రమేయం లేకుండానే. అందుకని మేకుల మీద 1 నుంచి 18 వరకూ అంకెలు మాత్రమే రాయండి. ఏ అంకె ఏదో రాసిన కాగితం బియ్యం డబ్బాలో పెట్టండి. కొట్టేవాళ్ళకి తెలియక తప్పదు, హ్యూమిక్ నల్లగా ఉంటుంది, సీవీడ్ వాసనే పట్టిస్తుంది. కోసేవాళ్ళకీ తూచేవాళ్ళకీ తెలియకపోతే చాలు. మా ఇంట్లో కొట్టేది నేను, తూచేది మా ఆవిడ. "ఆరోది మందేనా?" అని ఆవిడ అడిగితే నేను ఆకాశం వంక చూస్తాను.

7. కొట్టండి. మూడుసార్లు: మూడు నాలుగు ఆకులప్పుడు అంటే సుమారు 18వ రోజు, మొగ్గ కనపడగానే, పిందె పడ్డాక. లేబుల్ మీద వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి.

మోతాదు లెక్క తేలిక. ఎకరానికి 200 లీటర్ల ద్రావణం అనుకుంటే సెంటుకి రెండు లీటర్లు, మన మడి సెంటులో అయిదో వంతు కాబట్టి 400 మి.లీ. ఆరు మందు మళ్ళకి 2.4 లీటర్లు కావాలి. లేబుల్ మీద లీటరుకి 2 మి.లీ. అని ఉంటే, రెండున్నర లీటర్ల నీళ్ళలో సిరంజితో 5 మి.లీ. కలపండి. మూతతో కొలవకండి. స్ప్రేయర్‌లో మడికి సరిపడా 400 మి.లీ. మాత్రమే పోసి, అయిపోయేదాకా సమంగా కొట్టండి. మొదటిసారి మొక్కలు చిన్నవి, 250 చాలు. ఎంత కొట్టినా 18 మళ్ళకీ అంతే.

నీళ్ళ మళ్ళకి ఉత్త నీళ్ళు కొట్టడం దండగ కదా అంటారు. కాదు. చలికాలం పొడిలో ఆకు తడిస్తే ఆ తడికే మొక్క కాస్త తేరుకుంటుంది. నీళ్ళు కొట్టని మడితో పోలిస్తే ఆ మేలంతా మందు ఖాతాలో పడిపోతుంది. టానిక్కుల ప్రచారంలో "కొట్టినది, కొట్టనిది" అని పక్కపక్కన పెట్టే ఫోటోల్లో నాకెప్పుడూ ఈ అనుమానమే.

సాయంత్రం కొట్టండి. గాలి ఉంటే రేపు చూసుకోండి. షీటుని రెండు కర్రలకి కట్టి, పక్క మడివైపు ఒకరు అడ్డం పట్టుకోవాలి. నీళ్ళ మళ్ళు ముందు, మందు మళ్ళు తర్వాత. మందు ఎక్కిన చేతులతో నీళ్ళ స్ప్రేయర్ ముట్టుకోకండి. నాలుగైదు గంటల్లోపు వాన పడితే నోటుబుక్కులో రాసి, మర్నాడు మూడు రకాలకీ మళ్ళీ కొట్టండి.

మధ్యలో పేనో తుప్పు తెగులో వస్తే? వైద్యం చేయండి, మొత్తం 18 మళ్ళకీ ఒకే రోజున. పురుగుమందుని టానిక్‌తో కలిపి కొట్టొద్దు, మూడు రోజులు ఎడం ఇవ్వండి.

8. మొక్కల్ని కొలవండి, కానీ మోజు పడకండి. పదో రోజునే, అంటే ఏ మందూ కొట్టక ముందే, ప్రతి మడిలో మధ్య సాళ్ళలో అయిదు మొక్కలకి రంగు దారం కట్టండి. మంచి మొక్కల్ని ఏరకూడదు. సాలులో నాలుగోది, ఎనిమిదోది అని లెక్కపెట్టి కట్టండి. 30వ రోజునా 45వ రోజునా ఎత్తు, కొమ్మల లెక్క రాయండి. మడిలో సగం మొక్కలు ఎప్పుడు పూశాయో ఆ తేదీ రాయండి.

ఆకు నల్లగా నిగనిగలాడుతుంటే చూడ్డానికి బాగుంటుంది. అయితే కొన్ని టానిక్కుల్లో నత్రజని, పొటాష్ కూడా ఉంటాయి, ఆ పచ్చదనం వాటిది కావచ్చు. ఎత్తు పెరిగి కాయ తగ్గిన మళ్ళు నేను చూశాను. సంతలో ఎత్తు ఎవడూ కొనడు.

9. కోసి తూచండి. విత్తిన 45, 50 రోజులకి మొదటి కోత వస్తుంది, చలి ఎక్కువైతే ఇంకో వారం. ఆ తర్వాత మూడు నాలుగు రోజులకోసారి, నాలుగైదు కోతలు. మడిలో రెండు అంచు సాళ్ళూ, మిగతా నాలుగు సాళ్ళలో ఈ చివర రెండు, ఆ చివర రెండు మొక్కలూ లెక్కలోకి రావు. వాటి కాయలు కోసి కూరకి వాడుకోండి. లోపల మిగిలిన 64 మొక్కల కాయలే తూకానికి.

ఒక బ్లాకు మొదలుపెడితే దాన్ని పూర్తి చేసే లేవండి. ఒకరే మూడు మళ్ళూ కోయాలి. మీ అబ్బాయి లేత కాయ కూడా తెంపుతాడు, మీ అమ్మగారు ముదిరినదే తెంపుతారు. ఇద్దరూ చెరో మడీ కోస్తే ఆ తేడా మందుదో మనిషిదో తెలియదు. కాయ తెంపిన గంటలోపు తూచేయండి, ఎండలో సంచిలో పెడితే బరువు తగ్గిపోతుంది. ఖాళీ సంచి పెట్టి కాటాని సున్నాకి తెచ్చాకే కాయ పోయండి. వంకర కాయ, పుచ్చు కాయ విడిగా తూచి పక్కన రాయండి.

ఇంకో మాట. వరి కోతలయ్యాక మన వైపు పశువుల్ని విడిచేస్తారు. డిసెంబరులో ఒక్క ఆవు ఒక్క రాత్రి వస్తే రెండు నెలల పని గంగలో కలిసినట్టే. కంచె విత్తిన రోజే వేయండి.

10. ఇప్పుడు తేల్చండి. అన్ని కోతలూ అయ్యాక మడివారీగా కూడి, బియ్యం డబ్బాలోని కాగితం తీయండి. కింది అంకెలు లెక్క చూపించడానికి నేను ఊహించి వేసినవి. వరుసగా నీళ్ళు 1, నీళ్ళు 2, మందు, కిలోల్లో:

1వ బ్లాకు: 3.6, 3.9, 4.0
2వ బ్లాకు: 4.1, 3.8, 4.3
3వ బ్లాకు: 3.2, 3.5, 3.6
4వ బ్లాకు: 4.4, 4.1, 4.2
5వ బ్లాకు: 3.7, 3.8, 4.2
6వ బ్లాకు: 3.9, 4.2, 4.4

ముందు నీళ్ళకీ నీళ్ళకీ తేడా చూడండి. చాలా బ్లాకుల్లో 300 గ్రాములు! ఏ మందూ లేకుండానే. "సగం చేను" పరీక్షలో మీరు చూసి సంబరపడేది ఈ 300 గ్రాములనే.

తర్వాత, మందు మడి రెండు నీళ్ళ మళ్ళనీ దాటిన బ్లాకులు ఎన్నో లెక్కపెట్టండి. సమానంగా వస్తే దాటనట్టే. ఇక్కడ నాలుగో బ్లాకు తప్ప అయిదింట్లో దాటింది. మందుకి ఏ మహిమా లేకపోయినా, ముగ్గురిలో ఒకరు మొదట రావాలి కాబట్టి, ఆరింట్లో రెండు బ్లాకుల్లో అదృష్టం కొద్దీ మొదటే వస్తుంది. నాలుగు రావడం కూడా అంత అరుదేం కాదు, పదింట ఒకసారి నాలుగో, అంతకు మించో వస్తాయి. అయిదు, ఆరు రావడం మాత్రం అదృష్టంతో వందలో రెండుసార్లే. కాబట్టి:

- 5 లేదా 6 అయితే పని చేసిందనుకోవచ్చు. అయినా ఇంకో సీజన్ చూడండి.
- 4 అయితే తేలలేదు. మళ్ళీ వేయాలి.
- 3, అంతకు తక్కువైతే ఈ పరీక్షలో మందు తన పని చూపించలేదు.

11. డబ్బు లెక్క. మందు గెలిచినంత మాత్రాన కొనాలని లేదు. పై ఉదాహరణలో మందు మళ్ళ సగటు 4.12 కిలోలు, నీళ్ళ మళ్ళన్నిటి సగటు 3.85. తేడా సుమారు 267 గ్రాములు. మనం తూచిన 64 మొక్కల జాగా 4.32 చదరపు మీటర్లు. కిలోల తేడాని 937తో గుణిస్తే ఎకరా లెక్క వస్తుంది: సుమారు 250 కిలోలు.

కిలోకి 20 రూపాయలు గిట్టితే 5,000. ఖర్చు వైపు, ఎకరానికి మూడు తడవలకి 1.2 లీటర్ల మందు. లీటరు 600 అనుకుంటే 720 రూపాయలు. కొట్టే కూలి తడవకి 500 చొప్పున 1,500. ఎక్కువ వచ్చిన కాయ కోత, రవాణా కిలోకి 3 చొప్పున 750. మొత్తం 2,970. మిగిలేది 2,030. అదే ధర కిలో 8 రూపాయలకి పడితే వచ్చేది 2,000, పోయేది 2,970. జనవరిలో అన్ని చేలూ ఒకేసారి కాపుకొచ్చి సంత నిండిపోయిన వారం గుర్తు తెచ్చుకుని, మీ ధరలతో ఈ లెక్క వేసుకోండి.

ఫలితం తేడాగా అనిపిస్తే

ఒక మడి మాత్రం మరీ తక్కువ వచ్చిందా? నోటుబుక్కు తిరగేయండి. మొక్కలు ఎన్ని చచ్చాయి? లేత మొక్కలు వాలి, కాండం మొదట్లో ఉబ్బి పగిలి ఉంటే అది కాండపు ఈగ పని. చీల్చి చూస్తే లోపల చిన్న పురుగో, గోధుమరంగు గూడో కనిపిస్తుంది. అలాంటి మడి ఉన్న బ్లాకు మొత్తాన్ని పక్కన పెట్టొచ్చు. ఒక షరతు, ఆ నిర్ణయం డబ్బాలో కాగితం తీయకముందే జరగాలి. కాగితం తీశాక "ఈ బ్లాకు తీసేస్తే మందు గెలుస్తుంది" అని తీసేయడం లెక్క కాదు, సర్దుబాటు. బ్లాకు తీస్తే మిగిలేవి అయిదే, అప్పుడు కనీసం నాలుగింట్లో గెలవాలి. అదీ ఆరింట అయిదు ఇచ్చేంత భరోసా ఇవ్వదు.

అన్ని మళ్ళలోనూ కాపు సరిగ్గా లేకపోతే ఆ పరీక్ష టానిక్ గురించి ఏమీ చెప్పదు. నీళ్ళు చాలలేదో, సున్నం చాలలేదో, చలి పూతని పట్టిందో చూడండి.

సీసా కొనకుండా ఇంటి మందు చూడాలంటే

పంచగవ్య అయితే లీటరుకి 30 మి.లీ., మూడు పొరల గుడ్డలో వడగట్టి. లేకపోతే నాజిల్ పూడిపోయి, సగం మడికే పడుతుంది. జీవామృతం నేలకి పోసేది, ఎకరానికి 200 లీటర్లు అంటే మడికి 400 మి.లీ. దాన్ని కాస్త ఎక్కువ నీళ్ళలో కలిపి సాళ్ళ వెంట పోసి, నీళ్ళ మళ్ళకి కూడా మొత్తం అంతే నీళ్ళు పోయండి. ఇవి ప్రతిసారీ ఒకేలా కుదరవు కాబట్టి మూడు తడవలకీ ఒకే కుండలోది వాడలేరు. ఏ రోజు కలిపారో, ఎన్ని రోజులు పులిసిందో రాసుకోండి. ఫలితం బాగుంటే వచ్చే ఏడు అలాగే చేయడానికి ఆ రాతే ఆధారం.

ఐదు సెంట్లు లేనివాళ్ళు గ్రో బ్యాగుల్లో చేయొచ్చా అని అడుగుతారు. చేయొచ్చు, 18 సంచులు, ఒకే మట్టి, సంచికి రెండు మొక్కలు. మూడేసి సంచుల్ని ఒక గుంపుగా పెట్టి, గుంపులోపల వాటి చోట్లు వారానికోసారి మార్చండి. మేడ మీద ఒక మూల ఎండ ఎప్పుడూ ఎక్కువే. పోలిక పనికొస్తుంది కానీ సంచి దిగుబడిని ఎకరాకి లెక్కకట్టకండి.

రెండో సీజన్‌కి అదే చోట వేయకండి, బీన్స్ మీద బీన్స్ వేస్తే వేరుకుళ్ళు నిలిచిపోతుంది. పక్క మడికి మారి, మేకులు పీకి, చీటీలు మళ్ళీ తీయండి. పాత నోటుబుక్కు పారేయకండి, రెండు సీజన్ల బ్లాకులు కలిపితే పన్నెండవుతాయి. పన్నెండింట్లో ఎనిమిది చోట్ల మందు మొదట వస్తే, ఆరింట అయిదు వచ్చినంత గట్టి లెక్కే.